ఏసీఆర్ నార్మల్ వచ్చాక కూడా కొత్త యూరిన్ ప్రోటీన్ టెస్టులు కావాలా?

మారతహళ్ళి_సుబ్బు:
మా నాన్నగారికి 68 ఏళ్ళు, షుగర్ చాలా ఏళ్ళ నుంచి ఉంది. తెనాలి నుంచి వచ్చి ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. యూరిన్ ఏసీఆర్ (క్రియాటినిన్‌తో పోల్చి అల్బుమిన్ అనే ప్రోటీన్ యూరిన్‌లో ఎంత పోతుందో చూసే టెస్టు) 18 వచ్చింది, 30 లోపు నార్మలేనట. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) కూడా రేంజ్‌లోనే ఉంది. ఇంతలో ల్యాబ్ నుంచి ఫోను: "అల్బుమిన్ కనబడేసరికే ఆలస్యమైపోతుంది సార్, కిమ్-1, ఎన్‌గాల్ లాంటి ప్రోటీన్లు చూసే ప్యాకేజీ ఉంది, ముందే పట్టేస్తుంది" అని. ఖరీదు మాత్రం ఏసీఆర్‌కి పది రెట్ల పైనే. నాకైతే చేయిద్దామనే ఉంది. ఏమంటారు?

బీటీఎం_రమ:
దండగంటాను. ఎక్కువొస్తే ఏ మందు మారుస్తారో ఆ ఫోను చేసినాయన్నే అడగండి. ఈ దారిలో జరిగిన పెద్ద ప్రయత్నం ప్రయారిటీ ట్రయల్, ఫలితాలు 2020లో వచ్చాయి. యూరప్‌లో అల్బుమిన్ నార్మల్‌గా ఉన్న 1,775 మంది టైప్-2 వాళ్ళ యూరిన్‌లో 273 పెప్టైడ్‌లు (ప్రోటీన్ ముక్కలు) కొలిచి, ఎవరికి ముప్పుందో విడదీశారు. ఆ పని బాగానే కుదిరింది. ముప్పుందన్న వాళ్ళలో 28 శాతానికి తర్వాత మైక్రోఅల్బుమిన్ (అల్బుమిన్ కొద్దికొద్దిగా పోవడం, అంటే ఏసీఆర్ 30-300) మొదలైంది, లేదన్న వాళ్ళలో 9 శాతానికే. కానీ ముప్పున్న వాళ్ళకి స్పైరోనోలాక్టోన్ అనే మందు ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. పైగా మీకు అమ్మజూపుతున్నది ఆ 273 పరీక్ష కూడా కాదు.

సోంపేట_కుర్రోడు:
రమక్కా, ఇదే మాట ఒకప్పుడు మైక్రోఅల్బుమిన్ మీదా అనొచ్చు. ఇన్సులిన్ మీద బతికే షుగర్ వాళ్ళలో అది కిడ్నీ జబ్బుకి ముందస్తు గుర్తని లండన్‌లో వైబెర్టీ బృందం చూపించింది 1982లో. టైప్-2 కిడ్నీ జబ్బులో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ అనే బీపీ మందులు పనిచేస్తాయని పెద్ద ట్రయల్స్ తేల్చింది 2001లో. ఆ మధ్యకాలమంతా "తెలిసి ఏం లాభం" అని అందరూ కూర్చుని ఉంటే?

ఇంకోటి. యూకేపీడీఎస్ అని బ్రిటన్‌లో టైప్-2 వాళ్ళ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో కిడ్నీ పని తగ్గినవాళ్ళలో సగం మందికి అంతకుముందు అల్బుమిన్ పోనేలేదు. మా ఉద్దానం సంగతి తెలుసు కదా. అక్కడి కిడ్నీ జబ్బు షుగర్ వల్ల వచ్చేది కాదు, ఒప్పుకుంటా. అయినా అక్కడా యూరిన్‌లో ప్రోటీన్ పెద్దగా పోదు, కిడ్నీలే పోతాయి. అల్బుమిన్ చెప్పేది ముఖ్యంగా వడపోత దగ్గరి దెబ్బ. దాని కింది గొట్టాలు పాడైతే పలికేవి కిమ్-1 లాంటివి. డయాలసిస్‌కి పోయేవాళ్ళని చూస్తూ పెరిగాను. "ఆగండి, ట్రయల్ రానీండి" అంటే ఒళ్ళు మండుతుంది.

ల్యాబ్_శంకర్:
నేను జయనగర్‌లో ల్యాబ్‌లోనే పనిచేస్తాను, ప్యాకేజీలకి వకాల్తా మాత్రం పుచ్చుకోను. అసలు ఉన్న పరీక్షే సరిగ్గా చేయించుకునేవాళ్ళు తక్కువ. ఆఫీసు హెల్త్ చెకప్‌లలో మామూలుగా ఉండేది యూరిన్ రొటీన్, అంటే స్ట్రిప్. అందులో ప్రోటీన్ గడి పసుపు నుంచి ఆకుపచ్చకి తిరిగితే ప్లస్ రాస్తాం. ఏసీఆర్ 30-300 మధ్య ఉన్నవాళ్ళు ఆ గడికి చాలాసార్లు అందరు. "నిల్" అని చూసుకుని సంబరంగా వెళ్ళిపోతారు.

ఏసీఆర్‌కి వచ్చేవాళ్ళేమో లాల్‌బాగ్‌లో గంటసేపు పరిగెత్తి, అటునుంచటే వచ్చి శాంపిల్ ఇస్తారు. వ్యాయామం, జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, నెలసరి, ఏదున్నా అంకె పెరగొచ్చు. పొద్దున్నే లేచాక వచ్చే మొదటి యూరిన్ పట్టుకురండి. ఒకసారి 45 వచ్చిందని కంగారు వద్దు. మూడు నుంచి ఆరు నెలల్లో ఇచ్చిన మూడు శాంపిళ్ళలో రెండు ఎక్కువొస్తేనే లెక్క. ఎన్‌గాల్ గోల ఇంకోటి, ఇన్ఫెక్షన్ ఉంటే తెల్లకణాల నుంచీ వచ్చి చేరుతుంది.

బీటీఎం_రమ:
తమ్ముడూ, పరిశోధన ఆపమని ఎవరన్నారు? ఆ ఖర్చు పరిశోధన చేసేవాళ్ళు పెట్టుకోవాలి, సుబ్బుగారెందుకు పెట్టాలి? అల్బుమిన్ పోకుండానే కిడ్నీ తగ్గేవాళ్ళ కోసమే కదా, ఏటా ఏసీఆర్‌తో పాటు ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్, వయసు బట్టి లెక్కగట్టే కిడ్నీ వడపోత వేగం) కూడా చూడమనేది. సుబ్బుగారూ, క్రియాటినిన్ రేంజ్‌లో ఉందన్నారు. ఎంత? పాతది ఎంత?

మారతహళ్ళి_సుబ్బు:
ఇప్పుడు 1.3. రేంజ్ 1.3 దాకా వేశారు. పాత ఫైలు తీశాను, రెండేళ్ళ కిందట 1.0.

బీటీఎం_రమ:
ఆ వయసు మగవాళ్ళకి 1.3 అంటే ఈజీఎఫ్ఆర్ 60 దగ్గర. 1.0 ఉన్నప్పుడు 83 దాకా ఉండేది. రెండుసార్లూ రిపోర్టులో నార్మలే, కానీ పావు వంతుకి పైగా జారింది.

సోంపేట_కుర్రోడు:
చూశారా? ఏసీఆర్ 18! నేను మొత్తుకునేది ఇదే.

బీటీఎం_రమ:
ఆ ముక్క నీదే రైటు. ప్యాకేజీ లేకుండానే బయటపడిందన్నది కూడా రాసుకో. సుబ్బుగారూ, క్రియాటినిన్ ఇంకోసారి చేయించి, పాత రిపోర్టులన్నీ పట్టుకుని నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. రెటీనా పరీక్ష అవ్వకపోతే అదీ చేయించండి. కిడ్నీకీ మేలు చేసే షుగర్ మందు డాపాగ్లిఫ్లోజిన్ అవసరమా అని అడగండి, 2020లో ఇక్కడ పేటెంట్ అయిపోయాక చవకైంది. అన్నట్టు, నాన్నగారు నొప్పి మాత్రలేమైనా వేసుకుంటారా?

మారతహళ్ళి_సుబ్బు:
మోకాళ్ళకి డైక్లోఫెనాక్. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటారు. ఇక్కడి చలికి ఈమధ్య దాదాపు రోజూ.

బీటీఎం_రమ:
రేపటిదాకా ఆగకండి, ఈ రాత్రే ఆపించండి. డాక్టరుకి మొట్టమొదట చెప్పాల్సిందీ అదే.

సోంపేట_కుర్రోడు:
ఆ మాత్రలకి గొట్టాలు దెబ్బతిన్నాయో లేదో తెలియాలంటే కిమ్-1 చూడొద్దా అక్కా?

బీటీఎం_రమ:
మాత్ర మాని కొన్ని వారాలాగి క్రియాటినిన్ చూస్తే తెలియదా తమ్ముడూ?