పాత చాకు మీద ఎవరిదో పేరు ఉంటే చెరిపేయొచ్చా?

కోనసీమ కుర్రాడు:
రాజమండ్రిలో పాత సామాన్ల కొట్లో ఒక మడత చాకు దొరికింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చేసిన జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ చాకు, వాళ్ళ ముద్ర అయిన నక్షత్రం, శిలువ గుర్తు ఇంకా స్పష్టంగా ఉన్నాయి, పిడి కొమ్ముది. చిక్కేంటంటే బ్లేడు మీద తెలుగులో ఎవరివో పొడి అక్షరాలు, పక్కన 1941 అని చెక్కి ఉంది. నాన్నగారి షష్టిపూర్తికి ఇద్దామని కొన్నాను, బఫింగ్ కొట్టించి అదే చోట ఆయన పేరు లేజర్‌తో వేయిద్దామని అనుకుంటున్నా. తమ్ముడేమో చెరిపితే ఊరుకోనంటున్నాడు.

గోదారి గట్టు:
తమ్ముడిదే రైటు. చెక్కిన అక్షరం పోవాలంటే అది ఎంత లోతుందో అంత మేరా చుట్టూ ఇనుము అరగాలి, లేదంటే అక్కడ గుంట పడి వెలుతురులో కనిపిస్తూనే ఉంటుంది. పైగా బఫింగ్ చక్రం కింద బ్లేడు వేడెక్కి సుమారు 200 డిగ్రీలు దాటిందంటే పదును నిలిపే గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. చెయ్యి కాస్త జారితే నక్షత్రం గుర్తు కూడా పోతుంది, అది పోయాక దాన్ని రోడ్జర్స్ అని ఎవరు నమ్ముతారు?

పూతరేకు:
డబ్బులు పెట్టి కొన్నది ఆయన అండి, మ్యూజియం వాళ్ళు కాదు. మా ఇంట్లో ఇత్తడి బిందెల మీద ముత్తమ్మమ్మ పేరు ఉంది, ఎవరైనా ముట్టుకుంటే చంపేస్తా, అది మా వాళ్ళ పేరు కాబట్టి. ఇది ఎవరిదో. షష్టిపూర్తికి వేరే వాళ్ళ పేరున్న వస్తువు పెడితే పెద్దాయన మనసులో ఏమనుకుంటారు?

గోదారి గట్టు:
ఆ మాట కాదనను. కానీ నాన్నగారి పేరు బ్లేడు మీదే ఉండాలా? కుర్రాడు గారూ, పిడి మీద చిన్న లోహపు బిళ్ళ ఉందేమో చూడండి. పాత చాకులకు అది పెట్టిందే సొంతదారు పొడి అక్షరాలు చెక్కించుకోవడానికి. ఖాళీగా ఉంటే పనైపోయినట్టే, కానీ చేత్తోనే చెక్కించండి, లేజర్ పక్కకి పోతే కొమ్ము కాలి కంపు కొడుతుంది. బిళ్ళ లేకపోతే టేకు పెట్టె చేయించి మూత మీద ఇత్తడి రేకు కొట్టించండి. బిందెల మీద పేర్లు కొట్టే ఆయన ఆ రేకు మీద చక్కగా రాసిస్తాడు. చాకు మాత్రం ఆయనకి ఇవ్వకండి, గట్టిపడిన ఉక్కు మీద ఆయన ఉలి దిగదు, జారి గీతలు పడతాయి.

లంక మామిడి:
ఏం చేసినా ముందు ఆ అక్షరాల మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి, ఫోటో కూడా. నా ఏడుపు చెప్తా వినండి. మా తాతగారి పోకచెక్కల కత్తెర మీద ఆయన పేరు ఉండేది, సన్నగా గీసినట్టు. తుప్పు పట్టిందని ఇత్తడి తోమినట్టే చింతపండు పూసి రాత్రంతా వదిలేశా. పులుపు ఉక్కుని తినేసింది, పొద్దున్నకి బూడిద రంగు మచ్చలు, పేరులో సగం లేదు. ఇప్పటికీ మా మావయ్య ఆ కత్తెర సంగతి ఎత్తితే నేను వంటింట్లోకి వెళ్ళిపోతా.

మన వైపు ఉప్పుగాలికి పాత కార్బన్ స్టీల్ (ఇలాంటి పాత చాకుల్లో ఉండే, స్టెయిన్‌లెస్ కాని ఉక్కు) వారంలో ఎర్రబడుతుంది. నల్లటి పొర ఉంటే ఉండనివ్వండి, అది తుప్పు కాదు. ఎర్రటిది మాత్రం కుట్టు మిషను నూనె వేసి మెత్తటి గుడ్డతో తీయండి, అక్షరాల మీద ఇసుక కాగితం వద్దు. కొబ్బరినూనె చేతికి అందుతుంది కదా అని రాయకండి, కొన్నాళ్ళకి ముక్కిపోతుంది. తోలు ఒరలో దాచకండి, చెమ్మ పట్టి ఉంచుతుంది.

పూతరేకు:
సరే, బిళ్ళ సంగతి నాకు తెలీదు. ఉంటే నేనూ చెరపమనను.

కోనసీమ కుర్రాడు:
బిళ్ళ ఉంది, ఖాళీగానే ఉంది, మట్టి పట్టి ఇన్నాళ్ళూ నాకు కనిపించలేదు. ఈలోగా తమ్ముడు నాన్నగారికి మొత్తం చెప్పేశాడు. ఆయన భూతద్దం పెట్టుకుని అరగంట చూసి, ఆ 1941 ఆయన ఎవరై ఉంటారో కనుక్కోమని నన్ను మళ్ళీ ఆ కొట్టుకి పంపిస్తున్నారు.