ఆట క్లయింట్‌లో నెట్‌వర్క్ పొర: సిద్ధంగా ఉన్న లైబ్రరీ వాడాలా, సొంతంగా రాసుకోవాలా?

మేఘదారి (ప్రశ్న):
నలుగురు ఆటగాళ్లు ఒకేసారి తలపడే వేగవంతమైన ఆటకు క్లయింట్ (ఆటగాడి పరికరంలో నడిచే భాగం) రాస్తున్నాం. బృందంలో కొందరు ఈనెట్ లాంటి లైబ్రరీ (నెట్‌వర్క్ పనుల కోసం ముందే రాసిపెట్టిన కోడ్) చాలంటున్నారు. ప్యాకెట్లను (చిన్న సమాచార ముక్కలను) చేరతాయన్న హామీ లేకుండా పంపే యూడీపీ సాకెట్ మీద మనమే రాసుకుంటే అదుపు మన చేతిలో ఉంటుందని మిగతావారి వాదన. కారణాలతో చెప్పగలరు.

బైట్‌బాట:
సొంతంగా రాసుకోవడమే మేలు. మీ ఆటలో ఎక్కువగా ప్రయాణించేది ఆటగాళ్ల స్థానాల సమాచారం; ఒక ప్యాకెట్ దారిలో పోయినా, దాన్ని మళ్లీ పంపేలోగా అంతకంటే తాజా స్థానం వచ్చేస్తుంది కాబట్టి, ప్రతి ప్యాకెట్‌కు వరుస సంఖ్య వేసి పాతవాటిని వదిలేస్తే సరిపోతుంది. పైగా ఇతరుల లైబ్రరీకి భరోసా లేదు. ఆటల తయారీ ఇంజిన్ యూనిటీ తన నెట్‌వర్క్ లైబ్రరీ యూనెట్‌ను విరమిస్తున్నట్టు 2018లో ప్రకటించినప్పుడు, దాని మీద ఆటలు కట్టుకున్నవారు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది.

నీలికెరటం:
బైట్‌బాట గారూ, స్థానాల విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఎవరు గెలిచారు, ఏ ఆయుధం ఎవరి చేతికి వచ్చింది అన్న సమాచారం ఒక్కసారి పోయినా ఆట తప్పుతుంది. దాన్ని తప్పక చేర్చాలంటే అందినట్టు తెలిపే రసీదులు, మళ్లీ పంపడం, సాధారణంగా 1500 బైట్లుండే ప్యాకెట్ పరిమితిని దాటిన సందేశాన్ని ముక్కలు చేసి అవతల అతకడం, దారి నిండినప్పుడు వేగం తగ్గించడం అన్నీ రాయాలి. వీటిలోని లోపాలు మంచి నెట్‌వర్క్ మీద కనిపించవు. ఆటగాళ్ల ఫోన్లలోనే బయటపడతాయి. క్యూబ్ అనే షూటింగ్ ఆట కోసం పుట్టిన ఈనెట్ ఈ పనుల్లో చాలావరకు ఎప్పుడో చేసిపెట్టింది. దానిలో ఎన్‌క్రిప్షన్ లేకపోవడం లోటే; అది కావాలంటే ఆటల సంస్థ వాల్వ్ 2018లో సోర్స్‌తో సహా విడుదల చేసిన గేమ్‌నెట్‌వర్కింగ్‌సాకెట్స్ అనే లైబ్రరీ ఉంది. యూనెట్ ఉదాహరణ కూడా నా వైపే మాట్లాడుతుంది: దాని పై పొర కోడ్ బయట ఉండబట్టే దాని నుంచి మిర్రర్ అనే లైబ్రరీ పుట్టగలిగింది.

మీ శ్రమను క్లయింట్ ముందస్తు అంచనా మీద పెట్టండి. 1996లో క్వేక్‌వరల్డ్ అనే ఆట చూపిన ఈ పద్ధతిలో, ఆటగాడు మీట నొక్కగానే క్లయింట్ ఫలితాన్ని చూపించేసి, సర్వర్ జవాబు వచ్చాక ఆ క్షణానికి వెనక్కి వెళ్లి, మిగిలిన కదలికలను తిరిగి నడుపుతుంది. సెకనుకు 60 అడుగులు వేసే (అంటే తన స్థితిని 60 సార్లు లెక్కగట్టే) ఆటలో రాకపోకలకు 100 మిల్లీసెకన్లు పడితే, ఒక్క ఫ్రేములోనే ఆరు అడుగులు మళ్లీ నడపాలి. మీ ఆట తర్కం చిత్రీకరణ నుంచి విడిగా ఉంటేనే అది సాధ్యం. ఏ లైబ్రరీ కూడా ఆ పని మీకు చేసిపెట్టదు.

పిక్సెల్‌పిట్ట:
బ్రౌజర్‌లో కూడా ఆడించాలనుకుంటే ముందే తేల్చుకోండి. అక్కడ నేరుగా యూడీపీ సాకెట్ దొరకదు. బ్రౌజర్ ఇచ్చే వెబ్‌సాకెట్, అన్నిటినీ తప్పక వరుసలో చేర్చే టీసీపీ మీద నడుస్తుంది కనుక, పోయిన ఒక్క ప్యాకెట్ తిరిగి వచ్చేదాకా వెనుకవన్నీ ఆగిపోతాయి. బ్రౌజర్‌లో ఉండే మరో మార్గమైన వెబ్‌ఆర్‌టీసీ డేటా ఛానల్‌లోనైతే వరుసనూ పునఃప్రసారాన్నీ ఆపుకోవచ్చు. గొడాట్ అనే ఆటల ఇంజిన్ ఈనెట్‌తో పాటు ఈ రెండింటినీ ఒకే ఇంటర్‌ఫేస్ వెనుక ఉంచింది.

బైట్‌బాట:
రసీదుల పని నేననుకున్నంత చిన్నది కాదని ఒప్పుకుంటాను. అయినా ఒక షరతు వదులుకోను: ఏ సందేశం తప్పక చేరాలో, ఏది పోయినా ఫరవాలేదో సందేశం వారీగా చెప్పనివ్వని లైబ్రరీని తీసుకోవద్దు. లినక్స్‌లో నెట్‌వర్క్ లోపాలను అనుకరించే నెటెమ్‌తో 100 మిల్లీసెకన్ల ఆలస్యం, నూటికి ఐదు ప్యాకెట్ల నష్టం పెట్టి, ఎంచుకున్న లైబ్రరీతో ఆడి చూశాకే మేఘదారి గారు నిర్ణయం తీసుకోవాలి.