లైబీరియా గ్రీన్‌బుల్: వేరే జాతా, రెక్కల మీద మచ్చలేనా?

అడవిబాట:
పశ్చిమాఫ్రికాలో, లైబీరియా తూర్పున కవల్లా అడవి ఉంది. 1980ల మొదట్లో జర్మన్ పక్షి పరిశోధకుడు వుల్ఫ్ గాటర్ అక్కడ ఒక పిట్టను చూశారు. మన పిగిలిపిట్టల కుటుంబమే. అక్కడే తిరిగే ఇక్టెరిన్ గ్రీన్‌బుల్‌కీ దీనికీ తేడా ఒక్కటే, రెక్కల మీదా తోక మీదా తెల్లమచ్చలు. చేతికి చిక్కిన నమూనా ఒక్కటి. దాన్నిబట్టే 1985లో కొత్త జాతి అని, లైబీరియా గ్రీన్‌బుల్ అని పేరు పెట్టారు. 2010లో, 2013లో వెతికితే జాడ లేదు. తర్వాత ఆ నమూనా డీఎన్‌ఏ చూసి, ఇది ఇక్టెరినే, ఈకలు పెరిగేటప్పుడు పోషకాలు అందక మచ్చలు వచ్చి ఉండొచ్చు అన్నారు. నాకు మింగుడుపడటం లేదు. అప్పట్లో ఇలాంటివి పలుమార్లు కనిపించాయట. తిండి లోపం అన్నిటికీ ఒకేలా మచ్చలు పెడుతుందా?

సూక్ష్మదృష్టి:
మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్‌ఏ ఒక్కటే చూసి ఉంటే నేనూ ఒప్పుకునేదాన్ని కాదు. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది, సంకరం జరిగిన చోట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కానీ తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏ కూడా చూశారు. అదీ ఇక్టెరిన్ వైపే మొగ్గింది. పోషకాల మాట ఊహే కావచ్చు, అది తప్పయినా జన్యువుల సాక్ష్యం మారదు కదండీ.

పొదచాటు:
నేను ఉద్యోగం మీద కామెరూన్‌లో రెండేళ్లు ఉన్నాను. ఆకుపచ్చ నీడలో ఆకుపచ్చ పిట్ట, క్షణం కనిపించి మాయం. అక్కడ ఇక్టెరిన్‌కీ జేవియర్ గ్రీన్‌బుల్‌కీ తేడా కంటితో పట్టుకోలేకపోయాను, కూత విన్నాకే తెలిసేది. అచ్చం ఒకేలా ఉన్నవి రెండు జాతులైనప్పుడు, మచ్చలున్నంత మాత్రాన ఇది వేరే జాతి కానక్కర్లేదు.

అడవిబాట:
సరే, ఆ నమూనా వరకు ఒప్పుకుంటాను. మిగతా పక్షుల డీఎన్‌ఏ ఎవరూ చూడలేదు. 1984 తర్వాత దాని జాడే లేదు, 1989లో అంతర్యుద్ధం మొదలైంది, చాలా ఏళ్లు సరిగ్గా వెతికే వీలే పోయింది. నా అసలు భయం వేరు. అరుదైన జాతుల జాబితాలోంచి ఆ పేరు పోతే కవల్లా మీద రంపం పడుతుంది.

సూక్ష్మదృష్టి:
అందుకే అడవిని ఒక్క అనుమానపు పిట్టకు ముడిపెట్టొద్దంటాను. ఆ డీఎన్‌ఏ పరిశోధకులే తమ వ్యాసం శీర్షికలో కవల్లా ప్రాధాన్యాన్ని పెట్టారు. అక్కడ మిగిలిన జీవాలన్నీ నిజమైనవేనండీ.

అడవిబాట:
అది ఒప్పుకుంటాను. అయినా ఎవరైనా ఆ అడవికి వెళితే ఇక్టెరిన్ గుంపుల్లో ప్రతి రెక్కనూ చూడమని అడుగుతాను.