డాక్యుమెంటరీ తీసినవాడు కథా సినిమాకి వెళ్లొచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
పెళ్ళిళ్లకి వీడియో తీస్తాను. మా ఊరి కొమ్ము బొమ్మల పనివాళ్ల మీద సొంత డబ్బుతో ఒక డాక్యుమెంటరీ తీశాను. గేదె కొమ్ముని సెగ మీద కాస్తే మెత్తబడుతుంది, వేడి ఆరేలోపు కొంగ మెడ వంచేయాలి. ఆ కాస్త సమయం పట్టుకోడానికే ఎన్నోసార్లు వెళ్లాను. ఇప్పుడు ఆ మనుషులతోనే ఒక కథ తీయాలనుంది. ఇంట్లోవాళ్లు హైదరాబాద్ వెళ్లి అసిస్టెంట్‌గా చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (గుణుపూర్ నుంచి):
తమ్ముడూ, ఇప్పుడే వెళ్లకు. అక్కడ షూటింగ్ నడపడం నేర్చుకుంటావు, నిజమే. కానీ కెమెరా ముందు నిన్ను నమ్మి కూర్చునే మనుషులు అక్కడ దొరకరు. గౌతమ్ ఘోష్ డాక్యుమెంటరీల నుంచి వచ్చే 1979లో 'మాభూమి' తీశారు. దాని నిర్మాత బి.నర్సింగరావు గారు తర్వాత 'మా ఊరు' డాక్యుమెంటరీ, 'దాసి' కథాచిత్రం రెండూ చేశారు. 'దాసి' కెమెరాకి జాతీయ అవార్డు అందుకున్న ఎ.కె.బీర్ మన ఒడిశా ఆయనే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. డాక్యుమెంటరీలో వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటే నువ్వు తీశావు. కథలో నీ పని కోసం వాళ్ల పని ఆగుతుంది. ఆ రోజు కూలి బడ్జెట్‌లో అన్నిటికంటే ముందు రాసుకో. డైలాగులు బట్టీ పట్టించకు. మన వైపు తెలుగులో మొదలైన మాట ఒడియాలో ముగుస్తుంది, అలాగే వదిలెయ్. కొమ్ము మీద ఆకురాయి రాసే చప్పుడు మైకు దగ్గర పెట్టి విడిగా రికార్డు చెయ్.

తిండి మాటకొస్తే, నన్ను పోషించేది పెళ్ళిళ్లు, ఎన్జీవో వీడియోలే. మూఢం, ఆషాఢం వస్తే సొంత పని. ఎన్జీవో పని ఒప్పుకునేటప్పుడు ఫుటేజ్ ఎవరిదో కాగితం మీద రాయించుకో. సవర ఊళ్లలో నేను తీసినదంతా ఒక సంస్థ హార్డ్ డిస్కులతో సహా పట్టుకుపోయింది, ఇప్పుడు ఫోన్ చేసినా ఎత్తరు.

జవాబు (బరంపురం నుంచి):
ఆ డాక్యుమెంటరీని యూట్యూబ్‌లో పెట్టేశారా? పెట్టకపోతే ఆగండి, ఇంకెక్కడా చూపించని సినిమానే అడిగే ఫెస్టివల్స్ చాలా ఉన్నాయి. తిరువనంతపురం ఫెస్టివల్‌లో డాక్యుమెంటరీలు, చిన్న కథాచిత్రాలు రెండూ తీసుకుంటారు. ముంబైలో 1990 నుంచి జరుగుతున్నది రెండేళ్లకోసారి వస్తుంది. థియేటర్లో వేయాలంటే మాత్రం సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
ఇంకా పెట్టలేదండీ. అన్నా, కూలి సంగతి నాకు తట్టనే లేదు. ముందు పదిహేను నిమిషాల కథ ఒకటి రాస్తాను, ఈ మూఢంలోనే తీస్తాను.