మారుతి 800ని ఇంట్లో ఎలక్ట్రిక్ చేయాలంటే మోటారు, బ్యాటరీ ఎంత పెట్టాలి?

పాత800:
2004 మారుతి 800. ఇంజిన్ బోరుకొచ్చింది, బాడీకి తుప్పు లేదు. ఊళ్లో రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే చాలు, 60 స్పీడు దాటక్కర్లేదు. గేర్‌బాక్స్ అలాగే ఉంచి 72 వోల్టుల మోటారు బిగించాలి. బ్యాటరీ ఎంత కావాలి? క్లచ్ ఉంచాలా, తీసేయాలా?

వోల్ట్‌మీటర్:
10 కిలోవాట్ల మోటారు సరిపోతుంది. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ 24, ఒక్కోటి 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే సెల్ కెపాసిటీ) తీసుకోండి. మొత్తం 11.5 యూనిట్లు. కిలోమీటరుకు 0.1 యూనిట్ లెక్కన, 80 శాతమే వాడినా 90 కిలోమీటర్లు వస్తుంది. 100 ఏహెచ్‌తోనూ మీ 50 కిలోమీటర్లు గడుస్తాయి గానీ, ఫుల్ లోడులో 140 ఆంప్స్ లాగుతుంది, సెల్స్ కాగిపోతాయి. మన ఎండలకి అది వద్దు.

ప్యాక్ కట్టకముందే సెల్స్ అన్నిటినీ ప్యారలల్‌లో కలిపి 3.65 వోల్టులకు ఛార్జ్ చేయండి. లేకపోతే ఒక సెల్ ముందే నిండి బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్ ఆపేస్తుంది, మిగతావి సగంలోనే ఉండిపోతాయి.

కాంటాక్టర్‌కి (బ్యాటరీ సప్లైని కలిపే, తీసే పెద్ద రిలే) 100 ఓమ్స్ ప్రీఛార్జ్ రెసిస్టర్ ఉండాల్సిందే. అది లేకుంటే మోటారుని నడిపే కంట్రోలర్‌లోని ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగి పాయింట్లు అతుక్కుపోతాయి, ఆ తర్వాత తాళం తీసినా మోటారుకి సప్లై ఆగదు. ఫ్యూజ్ డీసీకి చేసిందే వాడండి, ఇంటి ఎంసీబీ ఆ మంటని ఆర్పలేదు. 72 వోల్టుల ప్యాక్ నెగటివ్‌ని బాడీకి కలపొద్దు.

లేత్‌పని:
క్లచ్ తీసేయండి. పెడల్ తొక్కినప్పుడల్లా ఆ ఒత్తిడి మోటారు షాఫ్ట్ మీద పడుతుంది, దాని బేరింగులు అందుకు చేసినవి కావు. పాత క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్ల హబ్‌ని కోసి, దాన్నే మోటారునీ గేర్‌బాక్స్‌నీ కలిపే కప్లర్‌గా తిప్పించండి. ఊళ్లో సెకండ్ గేరులోనే నడిచిపోతుంది.

ఈ పనంతటిలో కష్టమైంది మోటారు, గేర్‌బాక్స్ షాఫ్టుల సెంటర్ కుదర్చడమే. మోటారుని గేర్‌బాక్స్‌కి బిగించే అడాప్టర్ ప్లేటుకి 12 ఎంఎం అల్యూమినియం వాడి, డయల్ గేజ్‌తో చూస్తే తేడా 0.05 ఎంఎం దాటకూడదు. కుదిరాక డోవెల్ పిన్నులు కొట్టండి, బోల్టుల మీదే వదిలితే జరుగుతుంది. సెంటర్ తప్పితే స్పీడుతోపాటు కూత పెరుగుతుంది, విప్పి చూస్తే పళ్ల మధ్య ఎర్రటి పొడి కనిపిస్తుంది. మోటారు బరువుని గేర్‌బాక్స్‌కి వేలాడదీయకుండా పాత ఇంజిన్ మౌంట్ల మీదకు తీసుకోండి.

ఆర్‌సీపుస్తకం:
కొనకముందు ఇది చూడండి. విడి పార్టులు తెచ్చి ఇంట్లో బిగించిన బండిని రోడ్డు మీదకు తేకూడదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. ఏఐఎస్-123 (పాత బళ్లకి బిగించే ఎలక్ట్రిక్ కిట్ల ప్రమాణం) కింద ఆమోదం పొందిన కిట్‌ని అధీకృత ఇన్‌స్టాలర్ బిగించాక ఆర్టీవోలో ఆర్‌సీ మార్పించాలి. అది లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కులో పడుతుంది. పైగా 2004 బండి కాబట్టి 15 ఏళ్ల రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి. ఇంట్లో కట్టినది తోటలోనో సొంత ఆవరణలోనో తిప్పుకోవచ్చు.

పాత800:
థాంక్సండి. ముందు ఆమోదం ఉన్న కిట్ కోసమే వెతుకుతాను. బ్రేకు బూస్టర్ సంగతేంటి?

వోల్ట్‌మీటర్:
బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇచ్చేది ఇంజినే, అది పోతే పెడల్ రాయిలా అవుతుంది. 12 వోల్టుల వ్యాక్యూమ్ పంపు, చిన్న ట్యాంకు, ప్రెషర్ స్విచ్ పెట్టండి. దీనికీ హెడ్‌లైట్లకీ 30 ఆంప్స్ డీసీ-డీసీ కన్వర్టర్ (72 వోల్టులను 12కి దించేది) చాలు, కానీ పాత 12 వోల్టుల బ్యాటరీ తీయొద్దు. కన్వర్టర్ పోయినా బ్రేకు పంపు, లైట్లు కాసేపు దాని మీదే నడవాలి.