టాంగో అర్జెంటీనో షో టాంగోని బతికించిందా, పాడుచేసిందా?

కాఫీ_రాత్రులు:
పెద్ద పోస్ట్, ముందే చెప్తున్నా. మొన్న మా డాన్స్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "టాంగో అర్జెంటీనో రాకపోయుంటే టాంగో ఈపాటికి మ్యూజియంలో ఉండేది" అని పెట్టాడు, నేనేమో అదే దాన్ని పాడుచేసిందన్నా, అర్ధరాత్రి దాకా తగువు, చివరికి అడ్మిన్ ఇద్దర్నీ మ్యూట్ చేశాడు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అర్జెంటీనాలో బ్యూనస్ ఐరిస్ అనే ఊరి జంట డాన్స్ టాంగో, దాని మీద కట్టిన స్టేజ్ షో ఇది, క్లౌదియో సెగోవియా, ఎక్తర్ ఒరెసోలి అని ఇద్దరు చేశారు. 1983 నవంబర్లో పారిస్, 1985 అక్టోబర్లో బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్ నాటకాల వీధి. కథా గిథా ఏం లేదు, పాటలు, బ్యాండు, ఒకదాని తర్వాత ఒకటి జంటల డాన్సులు, అంతే. అయినా 1986లో అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డులకి బెస్ట్ మ్యూజికల్ నామినేషన్ వచ్చింది.

నా గొడవ ఏంటంటే, టాంగో ఒకళ్ళు చూడ్డానికి పుట్టింది కాదు. బ్యూనస్ ఐరిస్‌లో టాంగో ఆడుకునే చోటుని మిలోంగా అంటారు. జంటలన్నీ గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో హాలు చుట్టూ మెల్లగా తిరుగుతుంటాయి, ఛాతీకి ఛాతీ ఆనించుకుని, చాలామంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకునే. మూడో నాలుగో పాటలు ఒకరితోనే, ఆ తర్వాత సంబంధం లేని మ్యూజిక్ ముక్క ఒకటి వేస్తారు, దాంతో ఎవరి కుర్చీల్లోకి వాళ్ళు. మళ్ళీ పిలవాలంటే దగ్గరికెళ్ళి చెయ్యి చాపడం మర్యాద కాదు, దూరం నుంచే చూపు కలవాలి, చిన్నగా తలూపాలి. అవతలివాళ్ళు చూపు తిప్పేసుకున్నారా, అంతే సంగతులు, ఎవరి పరువూ పోదు.

ఇప్పుడు దీన్ని స్టేజ్ ఎక్కించండి. ఛాతీలు ఆనించుకుంటే బాల్కనీలో కూర్చున్నోడికి ఏం కనిపిస్తుంది, వీపులే కదా. అందుకని కౌగిలి విప్పారు, మధ్యలో ఖాళీ చేశారు, ఆ ఖాళీలో కాళ్ళ విన్యాసాలు దూర్చారు. ప్రపంచం అంతా టాంగో అంటే అదే అనుకుంది. నేనూ అదే అనుకుని న్యూజెర్సీలో మూడేళ్ళు నేర్చుకున్నా.

బ్యూనస్ ఐరిస్‌లో మొదటి రాత్రి, పేరు ఎందుకులెండి, ఒక పాత హాలు. పక్కన నాలాంటి టూరిస్టే, ఆవిడకి కూడా కాళ్ళు బాగా లేస్తాయి. నేను బోలేయో లీడ్ చేశా, అంటే ఆవిడ కాలు మోకాలి దగ్గర్నుంచి కొరడాలా వెనక్కి విసురుకునే మూవ్. ఆ హీల్ పోయి వెనక జంటలో ఒక పెద్దావిడ ముంగాలికి తగిలింది. స్టాకింగ్ చిరిగి, రక్తం సన్నగా గీతలా వచ్చింది. హాల్లో ఒక్కళ్ళు కూడా తిట్టలేదు సార్. కానీ ఆ రాత్రి ఇంకెవ్వరి చూపూ నాతో కలవలేదు. రెండు గంటలు కూల్ డ్రింక్ పట్టుకుని కూర్చున్నా. షో నేర్పిన టాంగో నాకిచ్చింది అదీ.

హ్యూస్టన్_బాబాయ్:
నీ హీల్ పోయి ఎవరికో తగిలితే బ్రాడ్‌వే ఏం చేసిందయ్యా పాపం.

1999 చివర్లో ఆ షో మళ్ళీ వేశారు న్యూయార్క్‌లో, గెర్ష్విన్ థియేటర్. మా ఆవిడా నేనూ వెళ్ళాం. నీకు తెలియనిది ఏంటో చెప్తా విను. 1983కి ముందు ఏముంది అక్కడ? 1935 నుంచి 55 దాకా ఊరు ఊరంతా ఆడింది, దారియెంసో, త్రొయిలో, ది సార్లి, పుగ్లియెసె, ఒక్కో ఆర్కెస్ట్రాకి ఒక్కో అభిమాన సంఘం మన హీరోలకి ఉన్నట్టు. తర్వాత రాక్ వచ్చింది, పిల్లలు అటు పోయారు. 1976 నుంచి 83 సైనిక పాలన, మనుషులు మాయమైపోతున్న రోజుల్లో రాత్రి పది మంది ఒకచోట చేరాలంటేనే భయం. మిగిలింది నడివయసు దాటినవాళ్ళు, పేటల్లో ఉన్న క్లబ్బుల్లో.

ఆ నడివయసు వాళ్ళనే వీళ్ళు పట్టుకెళ్ళారు, అది చూడు. సన్నటి కుర్రాళ్ళని ఏరి తెచ్చి రిహార్సల్ చేయించలేదు. విరులాసో అని ఒకాయన ఉండేవాడు, భారీ మనిషి, బ్రాడ్‌వేకి వచ్చేసరికి అరవైకి దగ్గర్లో ఉన్నాడు, భార్య ఎల్విరాతో. (నేను స్టేజ్ మీద చూళ్ళేదు, అప్పటికే పోయాడు, వీడియోల్లోనే.) ఆయన గాల్లోకి ఎగరడం అదీ ఏం ఉండదు, నడుస్తాడు. అంత బొజ్జ వేసుకుని పిల్లిలా నడుస్తాడు, ఆగుతాడు, ఎల్విరా పాదం ఆయన చుట్టూ చిన్నగా గీత గీస్తుంది, మళ్ళీ నడుస్తాడు. జనం చప్పట్లు ఆపేవాళ్ళు కాదు. కొన్ని వారాలు ఆడి వెళ్ళిపోదాం అని వచ్చినవాళ్ళు దాదాపు ఆరు నెలలు ఆడారు, 198 షోలు. నీ మిలోంగా తాతే కదా అక్కడ నిలబడింది!

సిరిసిల్ల_పోరడు:
నాకు టాంగో తెల్వది గని ఒక ముచ్చట చెప్త. మా దిక్కు బతుకమ్మ ఉంటది గదా, నడిమిట్ల పెట్టి చుట్టూ తిరుగుతరు, చూసేటోళ్ళంటూ వేరే ఎవ్వలుండరు, అందరు ఆడుడే. ఎవ్వలన్న ఊకె నిలబడితే మా అమ్మ చెయ్యి వట్టి లోపటికి గుంజేది. ఇప్పుడు స్టేజీ మీద ఒకటే రంగు చీరెలు కట్టిపిచ్చి, అందరి మొకాలు కెమెరా దిక్కు తిప్పుతరు. అందరు ఒక్క దిక్కు జూస్తే ఇగ గుండ్రంగ ఎట్ల తిరుగుతరే? కాఫీ అన్న చెప్పేది నాకు గదే సమజైంది.

కాఫీ_రాత్రులు:
తమ్ముడూ, నేను ఇరవై లైన్లలో చెప్పలేంది మూడు లైన్లలో చెప్పావ్.

పాడేరు_పిల్ల:
ఆగండాగండి. అందరూ కలిసి ఏడ్చేముందు డబ్బుల సంగతి ఎవరైనా మాట్లాడతారా?

మాది అరకు వైపు. థింసా తెలుసుగా, భుజాల మీద చేతులేసి వరసగా ఆడతాం. మా ఊళ్ళో పండక్కి ఆడితే ఎవరూ రూపాయి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ టూరిస్టుల ముందు ఆడితే ఇస్తారు. మా పిన్ని సీజన్లో ఆడేది. "ఇది అసలు థింసా కాదు" అని కార్లో వచ్చినాయన ఒకడు లెక్చర్ ఇచ్చాడు, పిన్ని ఏమందంటే అసలుది చూడాలంటే పండక్కి రా బాబూ, అన్నం పెడతాం, కానీ నువ్వు కూడా ఆడాలి అంది. అతను రాలేదు.

బ్యూనస్ ఐరిస్ సంగతి కూడా ఇంతే కదా? మిలోంగాకి వెళ్తే టికెట్ కొనుక్కుని ఆడాలి, ఎదురు జీతం రాదు. జీతం వచ్చేది షోలోనే, డిన్నర్ పెట్టి డాన్స్ చూపిస్తారే వాటిల్లో, లేదంటే లా బోకా పేటలో కామినీతో అనే రంగురంగుల వీధిలో టోపీ పెట్టుకుని టూరిస్టులతో ఫొటోలు దిగితే. 2001 డిసెంబర్లో అక్కడ బ్యాంకులు మూసుకుని, 2002లో పెసో పడిపోయాక విదేశీయులు చవగ్గా వచ్చి వాలారు, అప్పట్నుంచి డాన్సర్ల బతుకుతెరువు చాలావరకు ఆ డాలర్లే. మీరూ ఆ డాలర్లతో వెళ్ళినవారే అన్నా. షో లేకపోతే మీకు టాంగో అనే మాట కూడా తెలిసుండేది కాదు, ఆవిడ స్టాకింగ్ క్షేమంగా ఉండేది, అంతవరకూ ఒప్పుకుంటా.

కాఫీ_రాత్రులు:
చివరి లైన్‌కి నవ్వొచ్చింది, తగలాల్సిన చోటే తగిలింది.

కానీ పిన్నిగారి మాటే నాది కూడా. ఆవిడకి ఏది ఊరిదో ఏది టూరిస్టులదో తెలుసు. టాంగో ప్రపంచంలో ఆ తేడా చెరిగిపోయింది, అదే నా బాధ.

కూచిపూడి_కోడలు:
ఆ లెక్కన కూచిపూడి సంగతేంటి మరి. తెల్లార్లూ ఊరి మధ్య ఆడే కలాపాలు, మగవాళ్ళే సత్యభామలు. వెంపటి చినసత్యం మాస్టారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి రెండు రెండున్నర గంటల నృత్యనాటకాలు చేయబట్టి, ఆడపిల్లలకి నేర్పబట్టి కదా నాలాంటిది గజ్జె కట్టింది. మారకపోతే నేను లేను. మార్పుని పాడైపోవడం అంటే నాకు కోపం వస్తుంది.

కాఫీ_రాత్రులు:
అక్కా, కూచిపూడిలో ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు మొదట్నుంచీ వేరు, ఊళ్ళో ఆడినా తెర పట్టుకునే కదా భామ వచ్చేది. అది అరుగు మీంచి ఆడిటోరియంకి వెళ్ళింది, టాంగోలో చూసేవాడు అనేవాడే కొత్తగా పుట్టుకొచ్చాడు. రెండూ ఒకటి కాదని నా ఉద్దేశం.

జ్యూక్‌బాక్స్:
సల్సా వాళ్ళకి ఈ పంచాయితీ లేదా? కొలంబియాలో కాలీ అనే ఊరు, అక్కడ 33 స్పీడులో తిప్పాల్సిన గ్రామఫోన్ రికార్డుల్ని 45లో తిప్పి ఆడేవాళ్ళట, అందుకే వాళ్ళ పాదాలు కుట్టుమిషన్ సూదిలా ఉంటాయి, కంటికి ఆనవు. 2006 నుంచి దెలీరియో అని పెద్ద టెంటు షో ఉంది, సల్సా, సర్కస్, లైవ్ ఆర్కెస్ట్రా కలిపి. మళ్ళీ డిసెంబర్ 25న ఫెరియా అనే ఊరి ఉత్సవం మొదలవ్వగానే పేటల్లోని డాన్స్ స్కూళ్ళన్నీ రోడ్డు మీద పరేడ్ చేస్తాయి. టెంటూ ఉంది, రోడ్డూ ఉంది. ఎవడూ చావలేదు.

హ్యూస్టన్_బాబాయ్:
అదీ! ఇంకో సంగతి, షో టాంగో అంటే ఏదో తెల్లవాళ్ళ కోసం వండిన కూర అన్నట్టు మాట్లాడుతున్నారు. హువాన్ కార్లోస్ కోపెస్ పక్కా బ్యూనస్ ఐరిస్ మనిషి, 1951లో లూనా పార్క్ పోటీ గెలిచింది క్లబ్బు డాన్సరుగానే. ఆయనకి హాలీవుడ్ డాన్సర్ జీన్ కెల్లీ అంటే పిచ్చి, అమెరికా వాళ్ళు ట్యాప్ డాన్స్‌ని స్టేజ్ ఎక్కిస్తే మనం టాంగోని ఎందుకు ఎక్కించకూడదు అని పట్టుబట్టాడు. 1962లోనే అమెరికాలో ఎడ్ సలివాన్ టీవీ షోలో చిన్న బల్ల మీద ఎక్కి మరీ ఆడారు ఆయనా, ఆయన జోడీ మరియా నియెవెసూ. ఆ ఇద్దరూ పెళ్ళి చేసుకుని, విడిపోయి, విడిపోయాక కూడా ఏళ్ళ తరబడి కలిసే ఆడారు. స్టేజ్ కావాలనుకున్నది ఊరివాళ్ళే బాబూ.

కాఫీ_రాత్రులు:
సరే బాబాయ్, నిన్న రాత్రి కూర్చుని విరులాసో వీడియోలు నాలుగు చూశా. కొంచెం వెనక్కి తగ్గుతున్నా, ఎగతాళి చేయకండి.

ఆ షోలో ఒక్కో జంట ఒక్కోలా ఆడింది, ఎవరి పేట నడక వాళ్ళది, ఎవరి స్టెప్పులు వాళ్ళే కట్టుకున్నారు. అది నిజం. కాబట్టి 1983 షో మీద నా కేసు వాపస్. కానీ జనం ఇంటికి పట్టుకెళ్ళింది విరులాసో నడకని కాదు, నడక ఎవరు కొంటారు? ఇంటికెళ్ళి "నాకూ అలా నేర్పండి" అన్నారు, నేర్పేవాళ్ళు స్టెప్పులుగా కోసి అమ్మారు. నాకు మొదటి రోజు నేర్పిన బేసిక్ ఎయిట్ చూడండి, ఎనిమిది అడుగుల లెక్క, అందులో మొదటి అడుగే మగవాడు వెనక్కి వెయ్యాలి. స్టూడియోలో ఏం కాదు. మిలోంగాలో వెనక్కి వెయ్యడం అంటే మెహదీపట్నం సిగ్నల్ దగ్గర రివర్స్ గేర్ వేసినట్టు. వెనక ఇంకో జంట వస్తూనే ఉంటుంది కదా. మూడేళ్ళలో ఒక్క టీచరు కూడా నాకు ఆ మాట చెప్పలేదు.

బ్యూనస్ ఐరిస్ వాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు, 2003 నుంచి ప్రతి ఏడూ పెట్టే టాంగో వరల్డ్ కప్‌లో రెండు విభాగాలు విడివిడిగా ఉంటాయి. ఒకదాంట్లో పది జంటలదాకా ఒకేసారి ఫ్లోర్ మీద, ఏ పాట వస్తుందో ముందు తెలియదు, ఆడుతున్నంతసేపూ కౌగిలి వదలకూడదు, ఎగరకూడదు. రెండోది స్టేజ్, ఒక్కో జంటే వచ్చి తను కట్టుకున్నది ఆడి పోతుంది. ఊళ్ళో రెండు గదులు, మనకి బయట ఒకటే గది అమ్మారు.

సిరిసిల్ల_పోరడు:
గంతే గదా, ముందే గిట్ల చెప్తే అడ్మిన్ మ్యూట్ చేయకపోతుండె.

పాడేరు_పిల్ల:
అయితే టైటిల్ మార్చండి అన్నా, షో కాదు, మీ టీచర్లు అని పెట్టండి. నేను మాత్రం షో పాడుచేసింది అన్న మాటకి ఇంకా ఒప్పుకోను, జీతం ఇచ్చేదాన్ని తిట్టడం నాకు రాదు.

అవునూ, ఆ పెద్దావిడకి సారీ చెప్పారా లేదా?

కాఫీ_రాత్రులు:
చెప్పా. టేబుల్ దగ్గరికెళ్ళి వచ్చీరాని స్పానిష్‌లో "పెర్దోన్, పెర్దోన్" అన్నా. ఆవిడ నాప్కిన్‌తో కాలు తుడుచుకుంటూ ఏమీ అనలేదు, చూపుడువేలితో నేల చూపించి "పిసో" అంది. నేల అని అర్థం. ఇంకోసారి అంది. తర్వాత పాట మొదలైంది, ఎవరో తలూపితే లేచి వెళ్ళిపోయింది, చిరిగిన స్టాకింగ్‌తోనే.

హ్యూస్టన్_బాబాయ్:
ఆ పాట ఎవరిదో గుర్తుందా?

కాఫీ_రాత్రులు:
ది సార్లి, బాబాయ్. నడుచుకోడానికే వేస్తారు ఆయన్ని.