తలకు దెబ్బ తగిలాక మూర్ఛ: మాత్రలు ఆపకపోతే వచ్చేది కాదా?

మా తమ్ముడికి 19 ఏళ్లు. బైకు మీద నుంచి పడితే తలకు ఆపరేషన్ చేశారు. ఫిట్స్ మాత్రలు వారం ఇచ్చి ఆపేశారు. కొన్ని నెలలకు, మొన్న అన్నం తింటుండగా ఫిట్స్ వచ్చింది. ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే బిగుసుకుపోయింది. ఇప్పుడు లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మాత్ర రెండు పూటలా వేస్తున్నాం. అప్పుడే ఆపకుండా ఉంటే బాగుండేదని అమ్మ ఒకటే ఏడుపు. నిజమేనా?

జవాబు 1: కాదమ్మా. నేను న్యూరో వార్డులో నర్సుని. అప్పుడు వారం ఇచ్చిన మాత్రలు దెబ్బ తగిలాక మొదటి 7 రోజుల్లో వచ్చే ఫిట్స్‌ను తగ్గిస్తాయి, అంతే. తర్వాత మొదలయ్యే మూర్ఛను అవి ఆపలేవని 1990లోనే ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు మీద జరిగిన అధ్యయనంలో తేలింది. ఇప్పటి మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు. నిద్ర చాలకపోయినా ఫిట్స్ రావచ్చు, రాత్రి ఫోను పట్టుకుని మేలుకోనివ్వకండి.

జవాబు 2: మా అబ్బాయికి ఈ లెవెటిరాసెటమ్‌తోనే విపరీతమైన కోపం వచ్చేది, తలుపులు దబదబా వేసేవాడు. వయసు పొగరనుకున్నారు అందరూ! డాక్టరు మందు మార్చారు. మీరుగా మానకండి.

జవాబు 3: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టే పెద్దలుంటారు, వాళ్లను పక్కకు పంపండి. నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. డాక్టరు సరేననే దాకా బైకు, ఈత వద్దు.